విశాఖ నుంచి హైదరాబాదుకు హెలికాప్టరులో: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

హెలికాప్టరు గాలిలో ఎలా నిలబడుతుందో గత సంచికలో వివరించిన తరువాత మాకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం దూరప్రయాణం గురించే ఉన్నాయి. నౌకాదళ హెలికాప్టర్ల చప్పుడుకు అలవాటుపడిన ఊరు కనుక విశాఖ పాఠకుల ప్రశ్నలు చాలా సూటిగా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: విదేశంలో శిక్షణ పొంది హెలికాప్టరు లైసెన్సు తెచ్చుకున్నాను. ఇప్పటిదాకా గంటకు మించిన ప్రయాణం చేయలేదు. కుటుంబ మిత్రులు ఒకరు తమ నాలుగు సీట్ల రాబిన్సన్ ఆర్44 హెలికాప్టరులో తమను విశాఖ నుంచి హైదరాబాదుకు తీసుకువెళ్ళమంటున్నారు. తయారీ ఎక్కడ మొదలుపెట్టాలి? (ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇంధనం దగ్గర మొదలుపెట్టండి. దారి ఆ తరువాత దానంతట అదే తేలుతుంది.

విశాఖ విమానాశ్రయం నుంచి శంషాబాదుకు సూటిగా గీత గీస్తే సుమారు 275 నాటికల్ మైళ్ళు, అంటే 510 కిలోమీటర్లు వస్తుంది. రాజమహేంద్రవరం, గన్నవరం మీదుగా వెళ్తే 88, 68, 142 కలిపి 298 నాటికల్ మైళ్ళు. ఆర్44లోని రెండు ట్యాంకులలో వాడుకోదగిన పెట్రోలు సుమారు 176 లీటర్లు. గంటకు 57 లీటర్ల చొప్పున ఖర్చయితే మూడు గంటల ఐదు నిమిషాలు గాలిలో ఉండవచ్చు. 110 నాట్ల (గంటకు 110 నాటికల్ మైళ్ళ) వేగంతో 298 మైళ్ళు పోవడానికి రెండు గంటల నలభైమూడు నిమిషాలు చాలు. కాగితం మీద ఈ లెక్క ఎంతో ఆశ పెడుతుంది, మధ్యలో ఎక్కడా దిగనక్కరలేదు అనిపిస్తుంది.

ఇప్పుడు అదే లెక్కలోకి 20 నాట్ల ఎదురుగాలిని తీసుకురండి. నైరుతి రుతుపవనాల నెలలలో పడమటి గాలి ఆ మాత్రం వీచడం వింతేమీ కాదు. భూమి మీద మీ వేగం 90 నాట్లకు పడిపోతుంది, మూడు గంటల ఐదు నిమిషాలలో మీరు 277 మైళ్ళు మాత్రమే వెళ్ళగలుగుతారు, అంటే చౌటుప్పల్ దాటిన కాసేపటికి ట్యాంకు పూర్తిగా ఖాళీ అవుతుంది. ఇంజన్ వేడెక్కడానికి, బయలుదేరే ముందు గాలిలో ఒకేచోట నిలిచే స్థితి అయిన హోవర్‌లో నిలబడడానికి, టవర్ అనుమతి కోసం వేచి ఉండడానికి అయ్యే ఖర్చును ఇందులో కలపనే లేదు. పగటిపూట, చూపు మీద ఆధారపడి నడిపే హెలికాప్టరుకు గమ్యం చేరిన తరువాత ఇంకా 20 నిమిషాల ఇంధనం మిగలాలన్నది అంతర్జాతీయంగా పాటించే కనీస నియమం. నేను 40 నిమిషాలకు తగ్గించను. కనుక రాజమహేంద్రవరంలోనో గన్నవరంలోనో దిగి ఇంధనం నింపుకునే ఏర్పాటుతోనే బయలుదేరండి.

ఇంధనం నింపుకోవడం అనగానే ఆర్44కు మన దేశంలో ఇంకొక చిక్కు ఉంది. విమానాశ్రయాలలో మామూలుగా దొరికేది ఏటీఎఫ్, అది టర్బైన్ ఇంజన్లకు పనికివచ్చే కిరోసిన్ జాతి ఇంధనం. మీ ఇంజన్‌కు కావలసింది ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలు. ఇండియన్ ఆయిల్ సంస్థ 2022లో వడోదర రిఫైనరీలో దీని ఉత్పత్తిని ప్రారంభించినా, ఇది అన్నిచోట్లా బంకులో దొరికే సరుకు కాదు. దిగబోయే చోటికి పీపాలు ముందుగా చేరాయా, వాటి మూత ముద్రలు చెక్కుచెదరకుండా ఉన్నాయా అన్నది మీరే ఫోనులో అడిగి నిర్ధారించుకోండి. నింపేటప్పుడు దగ్గర నిలబడండి. ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ నీలం రంగులో ఉంటుంది, ఏటీఎఫ్ రంగు లేకుండానో లేత గడ్డి రంగులోనో ఉంటుంది. అనుమానం వస్తే తెల్లకాగితం మీద ఒక చుక్క వేయండి, పెట్రోలు ఆరిపోతుంది, కిరోసిన్ జిడ్డు మరక మిగిలిపోతుంది. ఒకదానికి బదులు ఒకటి పోస్తే ఇంజన్ నేల మీదనే ఆగిపోవాలన్న నియమమేమీ లేదు, అది గాలిలోకి లేచిన తరువాత కూడా ఆగవచ్చు.

బరువు లెక్క కూడా ఇంధనంతో ముడిపడినదే. ఆర్44లో రావెన్ 2 అనే రకం గరిష్ఠ బరువు 1,134 కిలోలు. ఖాళీ హెలికాప్టరు 690 కిలోలు అనుకుంటే, 80 కిలోల మనుషులు నలుగురూ, 127 కిలోల నిండు ట్యాంకులూ కలిసేసరికి పరిమితి మూడు కిలోలు దాటిపోతుంది, ఒక్క సంచీ కూడా ఎక్కకముందే. నాలుగు సీట్ల హెలికాప్టరు అంటే నలుగురూ, నిండు ట్యాంకూ, సామానూ అన్నీ కలిపి మోసే వాహనం కాదు. మీ మిత్రులకు ఈ మాట ముందురోజే చెప్పండి, బయలుదేరే వేళ తూకం గురించి వాదించడం ఎవరికీ మర్యాదగా ఉండదు.

ఇక అనుమతులు. విశాఖ విమానాశ్రయం నౌకాదళ స్థావరమైన ఐ.ఎన్.ఎస్. డేగాలో ఉంది, రాకపోకల నియంత్రణ నౌకాదళానిదే. ఫ్లైట్ ప్లాన్ దాఖలు చేసి, విమాన సమాచార కేంద్రం ఇచ్చే ఎఫ్ఐసీ నంబరూ, వాయు రక్షణ అనుమతి అయిన ఏడీసీ నంబరూ కాగితం మీద రాసుకున్న తరువాతనే ఇంజన్ మొదలుపెట్టాలి. చేరిన తరువాత దిగినట్లు తెలియజేయడం మరచిపోకండి, తెలియజేయకపోతే మీరు హోటల్లో భోజనం చేస్తున్న వేళ మీ కోసం గాలింపు మొదలవుతుంది.

ప్రశ్న: సూటి దారి 23 మైళ్ళు తక్కువ కదా? పైలట్లు రైలుమార్గం వెంట, హైవే వెంట ఎందుకు వెళ్తారు? దారి తెలియకనా? (అనకాపల్లి నుంచి ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి)

జవాబు: జీపీఎస్ వచ్చిన తరువాత దారి తెలియకపోవడం అనే మాట చాలావరకు పోయింది, అయినా అనుభవం ఉన్నవారు రైలుపట్టాలను వదలరు. సూటి గీత రంపచోడవరం మన్యం మీదుగా, పాపికొండల పరిసరాలలో గోదావరిని దాటి పోతుంది. ఆ దారిలో 110 నాట్ల వేగంతో మీకు కలిసివచ్చేది దాదాపు 12 నిమిషాలు. ఆ 12 నిమిషాల కోసం, దిగడానికి చదునైన జాగా లేని అడవి మీద, చాలాచోట్ల ఫోను కూడా పలకని చోట, ఒకే ఇంజన్ మీద నమ్మకం పెట్టుకోవాలి.

ఇంజన్ ఆగిపోయినా హెలికాప్టరు రాయిలా పడిపోదు. రెక్కలన్నిటి కోణాన్నీ ఒకేసారి మార్చే మీట అయిన కలెక్టివ్‌ను వెంటనే దించితే కింది నుంచి వచ్చే గాలి తల మీది రెక్కల చక్రమైన రోటరును తిప్పుతూనే ఉంటుంది, దీనినే ఆటోరొటేషన్ అంటారు. ఆర్44 ఆ స్థితిలో 1,300 అడుగుల ఎత్తు పోగొట్టుకుంటూ ముందుకు వెళ్ళగలిగేది మహా అయితే ఒక నాటికల్ మైలు. 1,500 అడుగులలో ఎగురుతున్న పైలట్‌కు నిమిషంలోపు సమయమూ, రెండు కిలోమీటర్లకు కాస్త మించిన మేర నేలా దక్కుతాయి. 500 అడుగులలో ఉన్నవాడికి అందులో మూడోవంతే. కాబట్టి దూరప్రయాణంలో ఎత్తును దాచుకున్న డబ్బులా చూసుకోవాలి. విశాఖ నుంచి కాకినాడ దాకా అలల మీదుగా పోవాలన్న సరదా పుట్టినా, తీరం ఆ రెండు కిలోమీటర్ల లోపల ఉండేలా చూసుకోండి, లైఫ్ జాకెట్లు సీటు కింద కాకుండా ఒంటి మీదనే ఉండాలి.

రైలుమార్గం పక్కన అనకాపల్లి, తుని, అన్నవరం రత్నగిరి, సామర్లకోట వరుసగా వస్తాయి. గోదావరి దగ్గరికి చేరేసరికి 1974 నాటి రోడ్డు రైలు వంతెన, 1997 నాటి కమాను వంతెన, 1900లో కట్టిన పాత హేవలాక్ వంతెన పక్కపక్కనే కనిపిస్తాయి, వాటిని చూసిన తరువాత ఎక్కడ ఉన్నామన్న అనుమానం మిగలదు. ప్రతి గుర్తు దగ్గర గడియారం చూసి, అనుకున్న సమయానికి ఎన్ని నిమిషాలు తేడా వచ్చిందో, ట్యాంకులో ఎంత మిగిలిందో మోకాలి పలక మీద రాసుకోండి. తుని దగ్గరే మూడు నిమిషాలు ఆలస్యమైతే హైదరాబాదు చేరేసరికి అది ఇరవై నిమిషాల దాకా పెరుగుతుంది.

నది దాటే చోట హైటెన్షన్ తీగలు ఉంటాయి. గాలిలో నుంచి తీగ కనిపించదు, స్తంభం కనిపిస్తుంది. అందుకే రెండు స్తంభాల మధ్య నుంచి కాకుండా స్తంభం తల మీదుగా దాటాలని శిక్షణలో చెబుతారు. రాజమహేంద్రవరం దాటిన తరువాత కొల్లేరు వైపు చేపల చెరువులు, రొయ్యల చెరువులు మొదలవుతాయి. పైనుంచి చూడడానికి అద్దాలు పరచినట్లు ఉంటాయి కానీ, దిగడానికి జాగా వెదికేవాడికి అక్కడ ఉన్నది నీళ్ళూ, సన్నని గట్లూ, మోటార్లకు లాగిన కరెంటు తీగలూ మాత్రమే. నిశ్చలమైన నీటి మీద ఎత్తు అంచనా కంటికి అందదు. లోక్‌సభ స్పీకరుగా ఉన్న జి.ఎం.సి. బాలయోగి 2002 మార్చి 3న మరణించినది కైకలూరు ప్రాంతంలోని ఇలాంటి చేపల చెరువులో హెలికాప్టరు కూలినప్పుడే. దానికి తోడు కొల్లేరు మీద గూడబాతులు, కొంగలు గుంపులుగా లేస్తాయి. సరస్సుకు ఉత్తరంగా, హైవేకు దగ్గరగా, కొంచెం ఎత్తులో పోవడం మేలు.

ప్రశ్న: ఉదయం వెళ్ళి, మధ్యాహ్నం పని చూసుకుని, సాయంత్రానికి విశాఖ తిరిగి రావచ్చునా? (ద్వారకానగర్)

జవాబు: యంత్రానికి సాధ్యమే, మనిషికి కష్టం. ఆర్44లో హెలికాప్టరును వంచి దిశ మార్చే కర్ర అయిన సైక్లిక్‌ను వదిలి చెయ్యి చాచుకునే వీలు లేదు, ఎండలో గాజుబుడగలో కూర్చుని పోనూ రానూ ఆరు గంటలు నడిపినవాడి చూపూ, నిర్ణయమూ చివరి గంటలో మొదటి గంటలోలా ఉండవు. ఆ చివరి గంట సాయంత్రానికే పడుతుంది. మన దేశంలో చూపు మీద ఆధారపడే ప్రయాణాలను సూర్యాస్తమయం తరువాత సాధారణంగా అనుమతించరు. ఇందులో చాలామంది మరచిపోయే సంగతి ఒకటి ఉంది. హైదరాబాదుకూ విశాఖకూ రేఖాంశంలో 4.8 డిగ్రీల తేడా ఉంది, అంటే విశాఖలో సూర్యుడు సుమారు 19 నిమిషాలు ముందే అస్తమిస్తాడు. తూర్పుకు ఎగిరేవాడు చీకటికి ఎదురు వెళ్తున్నట్లే. హైదరాబాదు ఆకాశంలో వెలుతురు చూసి లెక్క వేసుకున్నవాడికి అన్నవరం దాటేసరికి కింద దీపాలు వెలుగుతుంటాయి. రాత్రి అక్కడే పడుకుని మరునాడు ఉదయం రండి.

ప్రశ్న: మా అబ్బాయి హెలికాప్టరు పైలట్. వర్షాకాలంలో వాడు గాలిలో ఉన్నంతసేపూ నాకు అన్నం సహించదు. దారిలో మబ్బు కమ్మితే వీళ్ళు ఏం చేస్తారు? ఏం చేయాలి? (గాజువాక నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీరు రెండు ప్రశ్నలు వేశారు, రెండింటికీ జవాబు ఒకటే అయితే ఈ ఉత్తరం రాయవలసిన పని ఉండేది కాదు.

ఏం చేస్తారంటే, మబ్బు కిందికి దిగుతున్న కొద్దీ తామూ కిందికి దిగుతారు, కనిపించే దూరం తగ్గుతున్న కొద్దీ వేగం తగ్గిస్తారు. హెలికాప్టరు మెల్లగా పోగలదు కనుక ఇంకొంచెం ముందుకు వెళ్ళి చూద్దామన్న ఆశ విమానం పైలట్ కంటే వీళ్ళకు ఎక్కువ. అలా కొంచెం కొంచెంగా పోయి, ఒక చోట కొండా మబ్బూ కలిసిపోయి ఏమీ కనిపించకుండా పోతుంది. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాలను మాత్రమే చూసి నడపడంలో శిక్షణ లేని 20 మందిని బయటి దృశ్యం కనిపించకుండా చేసి విమానం నడిపించారు. ఇరవై మందీ అదుపు కోల్పోయారు, సగటున 178 సెకన్లలో. అది విమానం, దానికి తనంతట తాను నిలకడగా ఉండే గుణం కొంత ఉంటుంది. చిన్న హెలికాప్టరుకు అదీ లేదు.

ఏం చేయాలంటే, నిర్ణయాన్ని నేల మీదనే చేసుకుని వెళ్ళాలి. చాలామంది పైలట్లు పాటించే ఒక పద్ధతి ఉంది. వాతావరణం కారణంగా వేగాన్ని 90 నాట్ల కంటే తగ్గించవలసి వచ్చినా, నేలకు 500 అడుగుల కంటే దగ్గరకు దిగవలసి వచ్చినా, ప్రయాణం అక్కడితో ముగిసినట్లే. ఆ తరువాత మూడే పనులు మిగులుతాయి: వెనుదిరగడం, పక్కనున్న విమానాశ్రయానికి పోవడం, కింద కనిపించే పొలంలోనో మైదానంలోనో దిగిపోవడం. మూడో పని చేయగలిగేది హెలికాప్టరు ఒక్కటే, అయినా అది చేయడానికి పైలట్లు సిగ్గుపడడం నేను చూశాను. పొలంలో దిగితే ఊరంతా చేరుతుంది, పోలీసులు వస్తారు, వివరణ రాసి ఇవ్వాలి, యజమాని మొహం చిట్లిస్తాడు. ఇవన్నీ నిజమే. నేను ఒకసారి తుని ప్రాంతంలో కోత అయిపోయిన వరిమడిలో దిగి రెండు గంటలు కూర్చున్నాను, ఆ ఊరివాళ్ళు టీ ఇచ్చారు, వాన వెలిసింది, అధికారులకు ఫోను చేసి అనుమతి తీసుకుని బయలుదేరాను. ఆ రోజు వెనుక కూర్చున్న పెద్దమనిషి మళ్ళీ నన్ను పిలవలేదు.

మన రాష్ట్రం మరచిపోలేని ప్రమాదం 2009 సెప్టెంబరు 2న జరిగింది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టరు నల్లమల అడవిలో కూలి, అందులోని ఐదుగురూ మరణించారు. అది రెండు ఇంజన్ల హెలికాప్టరు, ఇద్దరు పైలట్లు ఉన్నారు. దారిలో దట్టమైన వాన మేఘాలు ఉన్నాయి, వాటికి తోడు ఇంజన్ల శక్తిని రోటరుకు అందించే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ సూచన ఒకటి రావడంతో పైలట్ల దృష్టి కొన్ని నిమిషాలు యంత్రంతో వచ్చే సూచనల పుస్తకం తిరగేయడం మీదకు మళ్ళిందని విచారణ కమిటీ పేర్కొన్నది. యంత్రంలో ఏ దీపం వెలిగినా ఒక జత కళ్ళు బయటే ఉండాలి, ఒక్కడే పైలట్ అయితే ముందు వెనుదిరిగి, తేటగా ఉన్న ఆకాశంలోకి వచ్చిన తరువాతే పుస్తకం తెరవాలి.

మీ అబ్బాయి ఫోను చేసినప్పుడు ఎప్పుడు చేరావని అడగకండి, ఈసారి ఎక్కడ దిగిపోయావని అడగండి. ఆ రెండో ప్రశ్నకు అప్పుడప్పుడైనా జవాబు ఉంటే మీరు నిశ్చింతగా భోజనం చేయవచ్చు.

ప్రశ్న: హైదరాబాదు వెళ్ళే ముందు అరకులో దిగి అతిథులకు లోయ చూపించాలనుకుంటున్నాము. విశాఖలో సులభంగా లేచిన హెలికాప్టరు అక్కడ లేవడానికి ఇబ్బంది ఏమిటి? (సీతమ్మధార)

జవాబు: గాలి పలుచన కావడమే ఇబ్బంది. వేడి గాలీ, ఎత్తులోని గాలీ రెండూ పలుచనివే, రోటరుకు ఆ తేడా తెలుస్తుంది. ప్రామాణిక ఉష్ణోగ్రత (సముద్రమట్టంలో 15 డిగ్రీలు, పైకి వెళ్ళిన కొద్దీ తక్కువ) కంటే ఒక్కొక్క డిగ్రీ పెరిగితే హెలికాప్టరు సుమారు 120 అడుగులు పైన ఉన్నట్లు ప్రవర్తిస్తుంది. 35 డిగ్రీల ఎండలో విశాఖ విమానాశ్రయమే రోటరుకు 2,400 అడుగుల ఎత్తులా తోస్తుంది. అరకు అసలే దాదాపు 3,000 అడుగులలో ఉంది, అక్కడ 30 డిగ్రీలు ఉంటే లెక్క 5,500 అడుగులకు చేరుతుంది. నేలకు దగ్గరగా హోవర్‌లో నిలబడగలిగినంత మాత్రాన చెట్ల పైకి లేవగలదని కాదు, ఎందుకంటే నేల దగ్గర కిందికి తోసిన గాలి ఇచ్చే ఆసరా చెట్ల ఎత్తులో ఉండదు. హ్యాండ్‌బుక్‌లో ఆసరా లేని హోవర్ పట్టికను ఆ రోజు ఉష్ణోగ్రతకు చూసుకోండి, సరిపోకపోతే ఇద్దరిని కారులో పంపండి.

శీతాకాలపు ఉదయాలలో లోయ నిండా మంచు ఉంటుంది, వేసవి మధ్యాహ్నాలలో కొండల వెనుక నుంచి ఉరుముల మబ్బులు లేస్తాయి. గాలి గట్టిగా ఉన్నప్పుడు కొండ దాటిన వెంటనే హెలికాప్టరు కుదుపులకు లోనవుతుంది. అప్పుడు వేగం తగ్గించాలి, పైకి ఎగరేసినట్లు అనిపించినా సైక్లిక్‌ను ముందుకు తోయకూడదు. ఆర్44 వంటి రెండు రెక్కల రోటరులో శరీరం తేలికైనట్లు అనిపించిన క్షణంలో ఆ తప్పు చేస్తే రోటరు మధ్యభాగమైన హబ్, దానిని మోసే ఇరుసైన మాస్టును కొట్టి విరిచేయగలదు. ముందుగా సైక్లిక్‌ను మెల్లగా వెనక్కి తేవాలి. ఇది చదివి నేర్చుకునే విద్య కాదు, శిక్షకుని పక్కన కూర్చుని నేర్చుకోవలసినది.

ప్రశ్న: అడగడానికి మొహమాటంగా ఉంది. మూడు గంటల ప్రయాణంలో మూత్రవిసర్జన సంగతి ఏమిటి? (పెదవాల్తేరు)

జవాబు: మొహమాటపడి నీళ్ళు తాగడం మానేసేవారే ఎక్కువ, అది ఇంకా ప్రమాదం. నీళ్ళు తగ్గితే తలనొప్పి, ఆ తరువాత మందగింపు వస్తాయి. గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండండి, గంటన్నరకు ఒకసారి దిగండి. అన్నిటికంటే ముందు చెప్పిన రాజమహేంద్రవరం మజిలీ ఇంధనానికి మాత్రమే కాదన్నమాట. ఇడ్లీ మంచిది, పూరీ వద్దు.

ప్రశ్న: తిరిగి వచ్చిన తరువాత రాత్రి హెలికాప్టరును సముద్రానికి దగ్గరగా నిలిపితే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? (భీమునిపట్నం)

జవాబు: ఉప్పుగాలి ఒక్క రాత్రిలో పని మొదలుపెడుతుంది. మంచినీటితో శరీరాన్నీ, రోటరు హబ్‌నూ కడిగించండి. వేగం కొలవడానికి గాలిని తీసుకునే పీటో గొట్టానికి తొడుగు వేయండి, లేకపోతే కందిరీగలు గూడు పెడతాయి. గాలి ఎత్తితే రెక్కలు ఊగి దెబ్బతినకుండా వాటిని తోకకు కట్టాలి. ఉదయం ట్యాంకుల అడుగు నుంచి కొంచెం ఇంధనం గాజుసీసాలోకి వంచి చూస్తే, రాత్రి తేమకు చేరిన నీరు ఉంటే అడుగున విడిగా కనిపిస్తుంది. ఇవన్నీ అయిన తరువాత రోటరు కట్టును విప్పడం మరచిపోయి ఇంజన్ మొదలుపెట్టినవారు ఉన్నారు, వారిలో అనుభవజ్ఞులూ ఉన్నారు. నేను కట్టు వేసిన రాత్రి ఇగ్నిషన్ తాళంచెవిని ఆ తాడుకే ముడి వేసి నిద్రపోతాను.